అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లోగా

నా పత్రికను ఎవరూ చదవడం లేదన్న అనుమానం మొదట మా ఆయన వల్లే పుట్టింది. అది నెలకోసారి వచ్చే నాలుగు పేజీల వార్తాపత్రిక. ఒకటో తారీఖు పొద్దున్నే రెండువందల పన్నెండుమందికి పంపిస్తాను. అందులో మా ఆయన ఒకడు. పోయిన ఏడాది ఒక ఒకటో తారీఖున టీ తాగుతూ, చదివారా అని అడిగాను. చదివాను, చాలా బావుందన్నాడు. ఏం బావుందన్నాను. అంతా బావుందన్నాడు. అంతాలో ఏముందన్నాను. కళ్లద్దాలు ఎక్కడ పెట్టానో అనుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. కళ్లద్దాలు ముఖానే ఉన్నాయి. ఆయనది కళ్లద్దాల దుకాణం. ఊళ్లో అందరికీ చూపు తెప్పించే మనిషికి నా నాలుగు పేజీలు కనపడలేదు.

నేను లైబ్రేరియన్‌ని. ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో, ఎప్పుడు తిరిగి రావాలో చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటి మా లైబ్రరీలో ఉంది. పేరు అల్మారా. అది ఓపెన్ సోర్స్, అంటే ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా విప్పి బాగుచేయొచ్చు, దాని గురించి ఎవరైనా తగువాడొచ్చు. ఈ మూడో పనికే జనం ఎక్కువ. ఆరేళ్ల కింద నేను కూడా తగువుకే వెళ్లాను. తిరిగొచ్చిన పుస్తకాలన్నీ రాలేదని చూపిస్తోంది మహాప్రభో అని పేజీన్నర ఉత్తరం రాశాను. మొహమాటం లేకుండా రాశాను. ఇంత బాగా తిట్టడం వచ్చిన మనిషి వార్తలు కూడా బాగా రాస్తుందని వాళ్లలో ఒకాయన అన్నాడట. అలా సంపాదకురాలినయ్యాను.

ఆ మాట అన్నాయన్ని అందరం బాబాయి అంటాం. రిటైరైన సర్వేయరు. జీవితమంతా గొలుసు పట్టుకుని పొలాల హద్దులు కొలిచి, ఇప్పుడు మా మాటల హద్దులు కొలుస్తున్నాడు. ఆయన అభ్యంతరం చెప్పని విషయం నాకు తెలిసి లేదు. ఇంకొకరు కొత్తమ్మాయి. వృత్తికి నర్సు, డ్యూటీ అయ్యాక కూచుని అల్మారాలో వచ్చే తప్పులన్నీ పట్టుకుంటుంది. చేరి మూడేళ్లయినా తన తర్వాత ఎవరూ చేరలేదు కాబట్టి ఇంకా కొత్తమ్మాయే. మూడో మనిషి మౌని. ఎక్కడో కాలేజీలో లెక్కలు చెబుతాడట. అల్మారా గుండెకాయ లాంటి కోడ్ అంతా ఆయనదే. ఆరేళ్లలో మాతో ఆయన మాట్లాడిన మాటలన్నీ కలిపి రాసినా పోస్టుకార్డు నిండదు.

మేమెవరమూ ఎప్పుడూ ఒకచోట కలిసింది లేదు. అందుకని నిర్ణయాలకు ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏదైనా మార్చాలనుకున్నవాళ్లు ప్రతిపాదన రాసి అందరూ చూసే పేజీలో పెడతారు. కింద ఒక వాక్యం ఉంటుంది: అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లోగా తెలపండి. ఏడు రోజులు ఎవరూ నోరెత్తకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. ఎవరైనా అడ్డం చెబితే మాత్రం, వాళ్లకి నచ్చజెప్పి అభ్యంతరం వెనక్కి తీసుకునేలా చేసేదాకా అది కదలదు. రోజులు లెక్కపెట్టి ఆమోదముద్ర వేసేది మనిషి కాదు, చిన్న ప్రోగ్రాము. దానికి గుమాస్తా అని పేరు పెట్టుకున్నాం. ఒకసారి పెట్టిన ప్రతిపాదనను పెట్టినవాళ్లు వెనక్కి తీసుకోకూడదు, దానికి వాళ్లే అభ్యంతరం చెప్పకూడదు. ఈ నిబంధన బాబాయి పుణ్యమే. ఒక బటన్ రంగు మార్చాలని తొమ్మిదిసార్లు ప్రతిపాదించి తొమ్మిదిసార్లు వెనక్కి తీసుకున్నాడు.

సరే, అనుమానం పుట్టాక ఊరుకునే రకాన్ని కాదు నేను. తర్వాతి సంచికలో ఒక అబద్ధం రాశాను. ఈ నెల వచ్చిన ఒక ప్రతిపాదనకు బాబాయి ఏ అభ్యంతరమూ లేకుండా వెంటనే ఒప్పుకున్నాడని. సూర్యుడు పడమట పొడిచాడని రాసినా అంత అబద్ధం కాదు. ఎవరూ కిమ్మనలేదు. బాబాయి కూడా కిమ్మనలేదు. ఆ పై నెల ఒకే వార్తను రెండో పేజీలోనూ నాలుగో పేజీలోనూ అక్షరం పొల్లుపోకుండా వేశాను. ఉలుకూ పలుకూ లేదు. ఆ పై నెల, బాగుచేసిన లోపాల జాబితా మధ్యలో మా లైబ్రరీ గోడ మీది బోర్డులోని మాటలు ఉన్నవున్నట్టు దించేశాను: సంచులు బయట పెట్టి లోపలికి రావలెను, చదువు గదిలో ఉమ్మివేయరాదు. దానికీ ఎవరూ ఏమీ అనలేదు. రెండువందల పన్నెండుమందిలో ఒక్కరూ, ఇదేమిటమ్మా అని అడగలేదు.

నాకు కడుపు మండిపోయింది. ఆరేళ్లు. ఇంట్లో అందరికీ జ్వరాలొచ్చిన నెల కూడా మానలేదు. ఎవరు ఏ లోపం బాగుచేశారో, ఎవరు ఎవరితో ఎందుకు తగువుపడ్డారో, చదివితే నవ్వొచ్చేలా రాయాలని ఒక్కో వాక్యం నాలుగుసార్లు తిరగరాశాను. వాళ్లనే నేరుగా అడగవచ్చు కదా అన్నాడు మా ఆయన. అడిగి చెప్పించుకునే మెప్పు నాకక్కర్లేదన్నాను. ఆ మధ్యాహ్నమే లైబ్రరీలో నా బల్ల దగ్గర కూచుని, అందరూ చూసే పేజీలో ప్రతిపాదన పెట్టాను. వార్తాపత్రికను ఈ నెలతో ఆపివేయాలి, సంపాదకురాలిని బాధ్యతల నుంచి తప్పించాలి. అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లోగా తెలపండి.

గంటలో బాబాయి దిగుతాడనుకున్నాను. దిగాడు కూడా, కాకపోతే నా ప్రతిపాదన మీద కాదు, దాని పైన ఉన్నదాని మీద. పుస్తకం గడువు దాటితే పంపే ఉత్తరంలో మొదటి మాట 'గౌరవనీయులైన' అని ఉండాలా, 'అయ్యా' అని ఉంటే చాలా అన్నది అక్కడి చర్చ. పుస్తకం ఎగ్గొట్టినవాడికి గౌరవం ఎందుకన్నది ఆయన వాదన. మూడు రోజుల్లో అక్కడ నలభైమూడు జవాబులు పడ్డాయి. సరిగ్గా దాని కిందే నా ప్రతిపాదన. అందరూ దాన్ని దాటుకుంటూ అటూ ఇటూ తిరిగారు, ఒక్కరూ ముట్టుకోలేదు. పుస్తకాలకు ముద్రలు వేస్తూ ముద్రకోసారి ఫోన్ చూసుకున్నాను. ఐదో రోజున ఒక పెద్దాయన పుస్తకం మీద తిరిగిచ్చే తేదీకి బదులు నిన్నటి తేదీ వేసి ఇచ్చాను. ఆయన అది చూసి, అయితే ఇప్పుడే ఆలస్యమైపోయిందా అమ్మా అని అడిగాడు.

ఆరో రోజున అహం చంపుకుని ప్రతిపాదన వెనక్కి తీసుకుందామని చూశాను. గుమాస్తా ఒప్పుకోలేదు. పోనీ నేనే అభ్యంతరం పెడదామని చూశాను. ప్రతిపాదించినవారికి ఆ హక్కు లేదని అది వినయంగా చెప్పింది. ఆ నిబంధన అప్పట్లో బాబాయిని ఏడిపించడానికి రాసినదాన్ని నేనే. ఏడో రోజు సాయంత్రం నాలుగూ పదికి గుమాస్తా ముద్ర వేసింది. అభ్యంతరాలు లేవు, ఆమోదించడమైనది, ఇంతకాలం చేసిన సేవకు సభ్యులందరి తరఫున ధన్యవాదాలు. ఆ ధన్యవాదాల వాక్యం కూడా నేను రాసిచ్చిందే. చదువు గదిలో నలుగురు కూచుని చదువుకుంటున్నారు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే గట్టిగా ఏడ్చేదాన్ని.

తర్వాతి ఒకటో తారీఖు ఉత్తగా వచ్చి ఉత్తగా పోయింది. మూడో తారీఖున కొత్తమ్మాయి ఫోన్ చేసింది. ఆరోగ్యం ఎలా ఉందక్కా, వేళకు నిద్రపోతున్నారా, కాస్త తేరుకున్నారా అని అడిగింది. నాకేమైందని తేరుకోవడానికి అని విసుక్కున్నాను. అప్పుడు నసుగుతూ అసలు సంగతి చెప్పింది.

"అందరం చదివామక్కా. అబద్ధం పడినప్పుడే బాబాయి నాకు ఫోన్ చేశారు. ఈవిడ పొరపాట్లు చేసే మనిషి కాదు, ఏదో అయిందన్నారు. తర్వాత ఒకే వార్త రెండుసార్లు వచ్చింది. ఆ తర్వాత ఉమ్మివేయరాదని వచ్చింది. ఇక ఖాయం చేసుకున్నాం, మీరు బాగా అలిసిపోయారని."

నన్నొక్కదాన్ని వదిలేసి వాళ్లంతా విడిగా మాట్లాడుకున్నారట. నా ప్రతిపాదన చూడగానే బాబాయి మూడు పేజీల అభ్యంతరం రాసి పెట్టుకున్నాడట, తర్వాత తనే చెరిపేశాడట. ఆరేళ్లు గొడ్డుచాకిరీ చేసిన మనిషి ఇక చాలంటుంటే అడ్డం పడితే మనం మనుషులమేనా అన్నాడట. ఎవరూ నోరు మెదపకూడదని అందరి చేతా మాట తీసుకున్నాడట. ఏడు రోజులు నోరు కట్టుకోవడానికే ఆయన ఆ 'గౌరవనీయులైన' మీద పడి నలభైమూడు జవాబుల్లో ముప్ఫై తనే రాశాడట. అల్మారా పుట్టాక అందరూ ఒక్క మాట మీద నిలబడింది అదే మొదటిసారి. అది నన్ను సాగనంపడానికి.

ఆ క్షణాన నిజం చెప్పేయాల్సింది. అవేవీ పొరపాట్లు కావమ్మా, మిమ్మల్ని పరీక్షించడానికి కావాలని వేశానని. నోటిదాకా వచ్చింది. కాని అంతమంది అంతగా జాలిపడ్డాక ఆ మాట ఎలా అంటాను.

"అవునమ్మా, కాస్త అలిసిపోయాను" అన్నాను. "ఇప్పుడు ఫర్వాలేదు."

మర్నాడు కొత్త ప్రతిపాదన పెట్టాను. వార్తాపత్రికను మళ్లీ మొదలుపెట్టాలి, పాత సంపాదకురాలినే నియమించాలి. ఆపడానికి ఒక్క అభ్యంతరమూ రాలేదు కదా, మొదలుపెట్టడానికి రెండు రోజుల్లో ముప్ఫైరెండు వచ్చాయి. అప్పటిదాకా నేను పేరైనా ఎరగని మనుషులు బయటికొచ్చారు. ఒక లైబ్రరీవాళ్లు దాన్ని ప్రింటు తీసి స్టాఫ్ గదిలో అంటిస్తారట, అక్షరాలు పెద్దవి చేస్తే గాని ఒప్పుకోమన్నారు. పద్నాలుగో సంచికలో ఒక పిల్లి కీబోర్డు మీద పడుకుని పుస్తకాలన్నీ పోయినట్టు నమోదు చేసిందని రాశారు, మిగతాది వచ్చే నెల అన్నారు, ఆ వచ్చే నెల నాలుగేళ్లుగా రాలేదు, పిల్లి సంగతి తేల్చండని ఇంకొకావిడ. బాబాయి పదకొండు అంశాలు పెట్టాడు. ఏడో అంశం ఇది: నేను నా జన్మలో దేనికీ అభ్యంతరం లేకుండా ఒప్పుకోలేదు, అలా ఒప్పుకున్నానని వేసినందుకు సవరణ ప్రచురించాలి, ఆరోగ్యం బాగాలేదని ఇన్నాళ్లూ ఊరుకున్నాను.

నేను చదివి చదివి మురిసిపోయాను. ఒక్కొక్కరికీ జవాబు రాశాను. అక్షరాలు పెంచుతానన్నాను. పిల్లి క్షేమంగా ఉందని, అక్కడి లైబ్రేరియన్‌కే బదిలీ అయిందని చెప్పాను. బాబాయితో పదకొండింటి మీదా వాదించి, తొమ్మిదింట్లో ఓడిపోయాను. అలసట గురించి అడిగినవాళ్లందరికీ, అవునండీ, అప్పట్లో కాస్త ఒంట్లో బాగుండలేదని రాశాను. ఒకసారి అబద్ధం ఆడాక రెండోసారి ఆడటానికి పెద్ద కష్టమేమీ ఉండదు. వారం తిరిగేసరికి ముప్ఫైఒక్క అభ్యంతరాలు తీరిపోయాయి. ఒక్కటి మిగిలింది. అది మౌనిది.

పేజీలో ఆయన రాసింది ఒక్క ముక్క: అభ్యంతరం ఉంది, కారణం సంపాదకురాలికి విడిగా రాస్తాను. ఆ ఉత్తరం నాకు నెలాఖరుకి రెండు రోజుల ముందు మధ్యాహ్నం వచ్చింది.

"ఒకే వార్త రెండుచోట్ల వచ్చింది అలసట వల్ల కాదు" అని రాశాడు. "అలిసినవాళ్లు వార్త మర్చిపోతారు, కామాలతో సహా రెండుసార్లు వేయరు. మీరు మమ్మల్ని పరీక్షించారు. ఎవరికీ చెప్పలేదు, చెప్పను. తెలిసి కూడా ఆ ఏడు రోజులు ఊరుకున్నాను, ఎందుకంటే ఆగితేనే మంచిదనిపించింది. మొదట్లో మీకు నవ్వొచ్చి రాసేవారు, మేం పక్కన కూచుని చదువుకునేవాళ్లం. ఏడాదిగా రెండు మాటలు రాయడం, తలెత్తి మా ముఖాలు చూడటం. చదవడానికి ఇబ్బందిగా ఉంటోంది. అలాంటిదే మళ్లీ రావాలంటే నాకు అభ్యంతరం."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆరేళ్లలో ఒక్కసారి నోరు విప్పి అనాల్సిన మాట ఇదా. నాలుగు జవాబులు రాశాను, ఒకదాన్ని మించి ఒకటి ఘాటుగా. అసలు ఆయన చెప్పింది తప్పని రుజువు చేద్దామని పాత సంచికలన్నీ తీశాను. ఆ రోజు లైబ్రరీ ఒంటిపూటే, అందరూ వెళ్లిపోయారు. మొదటి సంచిక నుంచి మొదలుపెట్టాను. రెండో దానిలో బాబాయి బటన్ రంగు యుద్ధం దగ్గర నాకే నవ్వాగలేదు. ఎవరు రాశారో గాని భలే రాశారనుకున్నాను. అలా చదువుకుంటూ చదువుకుంటూ పోయిన ఏడాదివి తెరిచాను. ఆఖరి సంచికలో ప్రతి వార్త చివరా 'ఏమంటారు' అని ఉంది. పెన్సిల్ తీసి లెక్కపెట్టాను. నాలుగు పేజీల్లో పంతొమ్మిదిసార్లు జనాన్ని ఏమంటారని అడిగాను. దాని ముందు సంచికలో పదిహేడు.

నాకు సిగ్గేసింది. ఇంటికొచ్చిన పెళ్లివాళ్లను కూచోబెట్టి, కూర బావుందా, పులుసు బావుందా అని ముద్దముద్దకూ అడిగి వాళ్లను తిననివ్వని మనిషిలా ఉన్నాను. రాసిన నాలుగు జవాబులూ చెరిపేశాను. ఆయనకు జవాబు రాయాలి, ఏం రాయాలో తెలియలేదు. క్షమించమంటే అది కూడా ముఖం చూడటమే. అందుకని జవాబు మానేసి ఆ నెల సంచిక మొదలుపెట్టాను.

మొదటి వార్త ఇలా రాశాను: "మన సంపాదకురాలు ఈ ఏడాది మూడు నేరాలు చేసినట్టు తేలింది. బాబాయి దేనికో ఒప్పుకున్నాడని అపవాదు వేయుట ఒకటి. ఒకే వార్తను రెండుసార్లు అమ్మజూపుట రెండు. సభ్యులను ఉమ్మివేయరాదని హెచ్చరించుట మూడు. ఇవన్నీ అలసట వల్ల జరిగాయని ఆమె వాంగ్మూలం ఇచ్చింది. ఆ వాంగ్మూలం నాలుగో నేరం. ఆమె శుభ్రంగా తిని, శుభ్రంగా నిద్రపోయి, పూర్తి స్పృహతో ఈ పనులు చేసింది. ఆమెను ఎవరూ చదవడం లేదని ఆమెకు కోపం. చదువుతున్నవాళ్లు ఆమె మీద జాలిపడి నోరు మూసుకున్నారు. ఈ విధంగా రెండువందల పన్నెండుమంది మంచివాళ్లూ ఒక తిక్కమనిషీ కలిసి ఒక పత్రికను చంపారు."

ఇక్కడి నుంచి చెయ్యి ఆగలేదు. గుమాస్తా నా మాటలతోనే నన్ను సాగనంపడం రాశాను. బాబాయి నోరు కట్టుకోవడానికి 'గౌరవనీయులైన'ను ఏడు రోజులు చితక్కొట్టడం రాశాను. నిన్నటి తేదీ ముద్రతో వెళ్లిపోయిన పెద్దాయనను రాశాను. రాస్తున్నంతసేపూ నవ్వుకున్నాను, రెండుసార్లు పైకే నవ్వాను. ఖాళీ గదిలో ఎవరైనా చూస్తే ఏమనుకునేవాళ్లో. మూడున్నరకి మొదలుపెట్టినదాన్ని, తలెత్తేసరికి ఆరు దాటింది. మౌని అభ్యంతరం కింద, జవాబు స్థానంలో, సంచిక మొత్తం అందరికీ కనపడేలా పెట్టేసి, తలుపులు వేసుకుని ఇంటికొచ్చాను.

మర్నాడు కొత్త పుస్తకాల పెట్టెలు నాలుగొచ్చాయి. వాటికి నంబర్లు వేయడం, అట్టలు వేయడంతో రోజంతా సరిపోయింది. సాయంత్రం దుకాణం కట్టేసి వచ్చి, చెప్పులు విప్పుతూ మా ఆయన అడిగాడు.

"మీ మౌని ఏమన్నాడు?"

"దేనికి?" అన్నాను.

ఆయన నా వంక వింతగా చూశాడు. అప్పటిదాకా చూడాలని నాకు తోచనే లేదు. ఫోన్ తీశాను. మౌని అభ్యంతరం పొద్దున్నే వెనక్కి తీసుకున్నాడు, పక్కన ఒక్క మాటా రాయలేదు. గుమాస్తా మధ్యాహ్నమే ముద్ర వేసింది. దాని కింద బాబాయివి ఇరవైమూడు జవాబులు ఉన్నాయి. తనను మోసగించి మౌనవ్రతం చేయించినందుకు మొదటిది. మిగతా ఇరవైరెండు, నేను చేసింది నాలుగు నేరాలు కాదు, సరిగ్గా లెక్కేస్తే ఆరు అని. ఫోన్ బల్ల మీద పెట్టేసి, చేతులు కడుక్కుని ఇద్దరికీ టీ పెట్టాను. పొయ్యి దగ్గర నించునే వచ్చే నెల సంచికకు మొదటి వాక్యం దొరికింది.